సిగ్నల్ పోతే హాజరు ఎవరిది?

నార్పల మండలం బండ్లపల్లి పేరు మనలో చాలామంది జనరల్ నాలెడ్జ్ బిట్లలోనే చూసి ఉంటారు. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఆ ఊరికొచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో దేశంలోని 200 జిల్లాలకు అది వర్తించింది. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే. కాబట్టి ఆ పథకానికీ నాకూ ఒకటే వయసు!

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకు ఉపాధి హామీతో ఏం పని అనుకోకండి. "డిజిటల్ హక్కులు" అనగానే మనకు సోషల్ మీడియా, ప్రైవసీ, డేటా లీకులు గుర్తొస్తాయి. అవీ ముఖ్యమే. కానీ మన జిల్లాలో డిజిటల్ హక్కుల ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది లాప్‌టాప్ ముందు కాదు, చెరువు పూడిక తీసేచోట, సేద్యపు కుంట తవ్వేచోట. ఆ ప్రశ్న ఇది: ఒక హక్కును నెట్‌వర్క్ మీదుగా పంపించాక, ఆ నెట్‌వర్క్ ఫెయిలైతే నష్టం ఎవరు భరించాలి?

ముందు, హక్కు అంటే ఏమిటి?

అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడా వేరుశనక్కాయ ఊడలు దిగే టైముకి పడుతుందన్న నమ్మకం లేదు. పంట పోయిన ఏడాది జనం బెంగళూరుకు వలస పోతారు, లేదంటే ఊళ్లో "కరువు పని"కి పోతారు. పథకం పేరు ఏదైనా మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు.

పాత రోజుల్లో కరువు పనులంటే ప్రభుత్వం దయ తలిస్తే వచ్చేవి. 2005 చట్టం దాన్ని మార్చింది. ఏడాదికి 100 రోజుల పని అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. చేసిన పనికి 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, ఆలస్యమైతే పరిహారం కట్టాలి. మన భాషలో చెప్పాలంటే ఇదొక ఫంక్షన్. ఇన్‌పుట్ పని అడగడం. అవుట్‌పుట్ పని, కూలి. ఎర్రర్ వస్తే ఏం చేయాలో కూడా చట్టంలోనే రాశారు. ఆ చివరి భాగాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

కంప్యూటర్ మంచి చేసిన రోజులు

నేను టెక్నాలజీకి వ్యతిరేకంగా రాయడం లేదు. ఉపాధి హామీలో కంప్యూటర్‌ను గట్టిగా వాడిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో జాబ్ కార్డులు, మస్టర్లు, చెల్లింపులు అన్నీ ఎక్కించి, ఎవరైనా చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. 2006లోనే మన జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. అంటే రికార్డులో రాసింది ఊరి జనం ముందు చదివి, "ఈమె ఇన్ని రోజులు పనిచేసింది, ఇంత డబ్బు తీసుకుంది, నిజమేనా?" అని అందరిలో అడగడం. డేటా బయట ఉంటేనే ఆ ప్రశ్న అడగడం కుదురుతుంది. ఇది డిజిటల్ హక్కులో మొదటి సగం: ప్రభుత్వం మన గురించి రాసుకున్నది మనం చూడగలగడం.

తర్వాత కూలి డబ్బులు ఇవ్వడానికి వేలిముద్రల స్మార్ట్ కార్డులు వచ్చాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీని మీద ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో పెద్ద ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గింది అని తేలింది.

అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ షాపుల ఆధార్ యంత్రాలను పరిశీలించారు. అక్కడ ఫలితం ఇంకోలా ఉంది. ఆధార్ లింకు కాని నిజమైన కార్డుదారులకే అందే సరుకులు తగ్గాయి. రెండు చోట్లా వేలిముద్రే, రెండు చోట్లా యంత్రమే. మరి తేడా ఎక్కడ? మన దగ్గర కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బులిచ్చే దారిని మూసేయలేదు. అక్కడ ఆ రెండో దారి సరిగా లేదు. టెక్నాలజీ మంచిదా చెడ్డదా అనే డిబేట్‌లో మనం గంటలు గడుపుతాం కానీ, అసలు తేడా ఈ రెండో దారి దగ్గరే ఉంది.

ఫోటో హాజరు ఎలా పనిచేస్తుంది?

2021 మేలో కేంద్రం ఎన్ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. పూర్తి పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్. 2022 మే నుంచి 20 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పని ప్రదేశాల్లో ఇది తప్పనిసరి అయింది. పద్ధతి సింపుల్‌గానే కనిపిస్తుంది:

1. మేట్ తన ఫోన్‌లో ఆ రోజు మస్టర్ తెరవాలి.
2. పనికొచ్చినవాళ్ల హాజరు వేసి, టైమూ లొకేషనూ పడేలా గుంపు ఫోటో తీసి అప్‌లోడ్ చేయాలి.
3. అది అప్‌లోడ్ అయిన నాలుగు గంటల తర్వాత రెండో ఫోటో తీయాలి.

ఇప్పుడు దీన్ని టెస్టింగ్ ల్యాబ్‌లో చూసినట్టు చూద్దాం. ఎక్కడెక్కడ ఫెయిల్ కావచ్చు? స్మార్ట్‌ఫోన్ ఉండాలి. అందులో చార్జింగ్ ఉండాలి. డేటా బ్యాలెన్స్ ఉండాలి. గుట్ట వెనక కూడా టవర్ అందాలి. సర్వర్ ఎత్తాలి. మస్టర్‌లో పేరు ఉండాలి. జీపీఎస్ కుదరాలి. మళ్లీ నాలుగు గంటల తర్వాత ఇవన్నీ ఇంకోసారి కుదరాలి. ఒక్కొక్కటి 95 శాతం సార్లు బాగానే పనిచేస్తుందని లెక్క కోసం అనుకుందాం. వరసగా ఏడూ పనిచేసే అవకాశం 0.95ని ఏడుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే సుమారు 70 శాతం. ఇది కేవలం ఉదాహరణ, ఎక్కడా కొలిచిన లెక్క కాదు. కానీ గొలుసు పొడుగయ్యేకొద్దీ ఏమవుతుందో ప్రాబబిలిటీ చదివిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. మన రాష్ట్రంలో కూలి కట్టేది తవ్వినదాన్ని కొలిచి. ఎండాకాలంలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి జనం తెల్లారకముందే పలుగు, పార, తట్ట పట్టుకుని పోయి, ఎండ ముదరకముందే పని ముగించుకుంటారు. తవ్విన గుంత కళ్లముందే ఉంటుంది, టేపు పెట్టి కొలవచ్చు. అయినా రెండో ఫోటో కోసం అక్కడే కూర్చోవాలి, లేదా ఇంటికి పోయి మళ్లీ రావాలి. పని పూర్తయింది, దాని రుజువు పూర్తి కాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, అలా చట్టం ఇచ్చినదాన్ని టవర్ ఆపేస్తుంది.

నిజం చెప్పాలంటే, ఈ సమస్యలు పైవాళ్లకు తెలియనివి కావు. మొదటి ఫోటోను, హాజరును ఆఫ్‌లైన్‌లో తీసుకుని, సిగ్నల్ వచ్చాక అప్‌లోడ్ చేసే ఏర్పాటు పెట్టామని కేంద్రం చెప్పింది. అది మంచి మార్పే. అసలు ఎక్కించడమే కుదరని రోజు, చేతిరాత హాజరును ఆమోదించే అధికారం జిల్లా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఇచ్చారు. మన దగ్గర ఆ హోదా కలెక్టర్‌ది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎర్రర్ వచ్చింది గుట్ట కింద పని దగ్గర. ఎక్సెప్షన్ హ్యాండ్లర్ ఉన్నది కలెక్టరేట్‌లో. ఆ మధ్యలో మేట్, పంచాయతీ, మండలం ఆఫీసు ఉన్నాయి. ఒక్క రోజు హాజరు కోసం అంత దూరం కాగితం నడిపించగలిగేది ఎంతమంది?

ఫెయిల్ ఓపెన్, ఫెయిల్ క్లోజ్డ్

సెక్యూరిటీ చదివేటప్పుడు ఈ రెండు మాటలు వస్తాయి. కరెంటుతో పనిచేసే తలుపు తాళం ఉందనుకోండి. కరెంటు పోతే అది తెరుచుకోవాలా, బిగుసుకోవాలా? హాస్టల్‌లో మంటల సమయంలో బయటపడే తలుపైతే తెరుచుకోవాలి, లేకపోతే ప్రాణాలు పోతాయి. బ్యాంకు స్ట్రాంగ్ రూమ్ అయితే బిగుసుకోవాలి, లేకపోతే డబ్బు పోతుంది. రైలు సిగ్నల్ చెడిపోతే ఎరుపు చూపించాలి. అంటే డిజైన్ చేసేవాడు ముందే ఒక నిర్ణయం తీసుకుంటాడు: తేడా వస్తే ఎవరిని కాపాడాలి? తాళానికి మనసు లేదు. ఆ నిర్ణయం మనిషిదే.

ఫోటో హాజరు ఫెయిల్ క్లోజ్డ్. సిగ్నల్ లేకపోతే డీఫాల్ట్ విలువ "ఆబ్సెంట్". పనిచేశానని నిరూపించుకునే భారం మొత్తం కూలి మనిషి మీద పడుతుంది. ఆమె పని చేయలేదని ఎవరూ నిరూపించాల్సిన అవసరం లేదు.

ఇలా కాకుండా ఇంకోలా డిజైన్ చేయొచ్చా అంటే, మన జేబులోనే ఉదాహరణ ఉంది. యూపీఐలో మీరు తమ్ముడికి 200 రూపాయలు పంపారు. మీ అకౌంట్‌లో కట్ అయింది, వాడికి చేరలేదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం మరుసటి రోజులోపు ఆ డబ్బు దానంతటదే మీ అకౌంట్‌కు తిరిగి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మీరు ఫిర్యాదు చేయకపోయినా కట్టాలి. ఏటీఎం డబ్బు ఇవ్వకుండా అకౌంట్‌లో కోసినా అంతే. కాకపోతే గడువు ఐదు రోజులు.

ఇప్పుడు కరువు పని వైపు చూడండి. కూలి ఆలస్యమైతే పరిహారం, రావాల్సిన మొత్తంలో రోజుకు 0.05 శాతం. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన కూలి రేటు రోజుకు 307 రూపాయలు. లెక్క వేయండి: రోజుకు 15 పైసలు. ఆరు రోజుల కూలి మొత్తం ఆగిపోయినా రోజుకు 92 పైసలు.

ఒక వైపు 100 రూపాయలు. ఇంకో వైపు 15 పైసలు. అదే దేశం, అవే బ్యాంకులు. మన సెమిస్టర్ పరీక్షలో "ఈ రెండు సిస్టమ్‌ల మధ్య తేడా రాయండి" అని అడిగితే నేను ఒక్క వాక్యం రాస్తాను: మొదటిదాంట్లో ఫెయిల్యూర్ ఖర్చు సిస్టమ్ నడిపేవాళ్లది, రెండోదాంట్లో వాడేవాళ్లది. ఖర్చు తమ మీద పడితే బ్యాంకులు సర్వర్లు బాగు చేసుకుంటాయి. ఖర్చు ఎదుటివాళ్లదైతే టవర్ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తొందర ఉండదు.

మరి దొంగ మస్టర్ల సంగతి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పనికి రానివాళ్ల పేర్లు రాసి డబ్బు తినేయడం నిజంగా జరిగింది. అందుకే ఫోటో పెట్టారు. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. పైగా ఫోటో ఆ ఎలుకలను పట్టిందా?

2025 జూలై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ స్వయంగా రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. యాప్‌ను ఎలా మోసం చేస్తున్నారో అందులోనే రాశారు. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు. మనుషులకు బదులు పాత ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నారు. ఫోటోలో ఉన్నవాళ్ల సంఖ్యకూ హాజరు సంఖ్యకూ పొంతన లేదు. మధ్యాహ్నం ఫోటోలు ఎక్కించడమే లేదు. చివరికి పరిష్కారంగా ఏం చెప్పారో తెలుసా? పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నీ, 100 శాతం, మనుషులే కూర్చుని చూసి సరిపోల్చాలని. అంటే తిరిగి తిరిగి మనిషి దగ్గరికే వచ్చాం. మోసం చేయాలనుకున్నవాడు ఫోటోకు ఫోటో తీసుకుని తప్పించుకుంటాడు. నిజంగా తట్ట మోసిన మనిషి సిగ్నల్ లేక ఆగిపోతుంది. మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగటివ్ అని చదువుతాం. ఇక్కడ రెండూ పెరిగే డిజైన్ దొరికింది.

దీన్ని జనం ఊరికే భరించలేదు. 2023 ఫిబ్రవరిలో వేర్వేరు రాష్ట్రాల ఉపాధి కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు దిగారు. వాళ్ల డిమాండ్లలో ఈ యాప్ తీసేయాలన్నది కూడా ఉంది. సంవత్సరానికి 100 రోజుల పని హక్కు కాబట్టి, 100 రోజుల ధర్నా అన్నారు.

చట్టం ఏమంటుంది?

ఇంటర్నెట్ హక్కా కాదా అని ఫిన్లాండ్ 2010లోనే తేల్చేసింది. ప్రతి పౌరుడికీ కనీసం 1 ఎంబీపీఎస్ కనెక్షన్ చట్టబద్ధంగా అందాలన్నారు. మన దేశంలో ఇది కోర్టుల ద్వారా కొంచెం కొంచెంగా వచ్చింది. మూడు తీర్పులు తెలుసుకుంటే చాలు.

ఒకటి, కేరళ. కోజికోడ్ జిల్లాలో ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోన్లు ఇచ్చేయాలని రూల్ పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో, ప్రైవసీ హక్కులో భాగమంది. కేసు వేసిన మనిషి మన వయసుదే!

రెండు, కాశ్మీర్. పత్రికా సంపాదకురాలు అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందనీ, నిరవధికంగా నెట్ ఆపడం కుదరదనీ, ఆపితే ఆ ఆదేశం బయటపెట్టాలనీ చెప్పింది. ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. 2022 మేలో జిల్లా పేరు గొడవతో అమలాపురంలో హింస జరిగినప్పుడు కోనసీమలో నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ ఉన్నచోటు వెతుక్కుంటూ పోయారు.

మూడోది మన విషయానికి అన్నిటికంటే దగ్గర. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు అకౌంట్ కోసం వెళితే, కేవైసీలో కెమెరా ముందు కన్ను ఆర్పాలన్నారు. ఆమెకు అది సాధ్యం కాదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ పద్ధతులు అందరికీ వీలయ్యేలా మార్చాలని 20 ఆదేశాలు ఇచ్చింది. అంటే "మా సిస్టమ్ ఇంతే, నువ్వు దానికి సరిపోలేదు" అనే జవాబు చెల్లదు. సిస్టమే మనిషికి సరిపోవాలి. ఇదే తర్కాన్ని సిగ్నల్ అందని గుట్టకు అన్వయించి చూడండి.

ఫోన్ ఉంది కదా, ఇంకేం?

2016లో జియో వచ్చాక డేటా చవకైంది. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి, నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఇదంతా నిజమే. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఈ లెక్క కోవిడ్‌కు ముందుది, ఇప్పుడు పెరిగే ఉంటుంది. కానీ కరువు పనిలో సగం కంటే ఎక్కువమంది ఎవరు? ఆడవాళ్లే. అంటే నెట్ తక్కువగా అందినవాళ్ల కూలినే నెట్‌కు కట్టేశాం. మా అవ్వకు ఫోన్ అంటే రెండు బటన్లు: ఎత్తేది, పెట్టేసేది. తన పేరు పక్కన హాజరు పడిందో లేదో చూసుకోవడానికి ఆమె ఎప్పుడూ ఇంకొకరి చేతిలోని ఫోన్ మీద, ఇంకొకరి మంచితనం మీద ఆధారపడాల్సిందే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. అందులో 125 రోజులంటున్నారు, బయోమెట్రిక్, డిజిటల్ నిఘా ఇంకా పెంచుతామంటున్నారు. బండ్లపల్లిలో మొదలైన చట్టం పేరు మారింది. మన ప్రశ్న మాత్రం అలాగే ఉంది, కొంచెం పెద్దదైంది కూడా.

రేపు కోడ్ రాసేది మనమే

ఇలాంటి యాప్‌లను రాసేది ఎక్కడి నుంచో ఊడిపడ్డవాళ్లు కాదు. మనలాంటి కాలేజీల నుంచి వెళ్లినవాళ్లే. అందుకే మీ మినీ ప్రాజెక్టులో జనం వాడే సిస్టమ్ ఏదైనా తీసుకుంటే, రివ్యూకు ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. నెట్ పూర్తిగా పోతే పని ఆగుతుందా? డేటాను ఫోన్‌లోనే దాచి, తర్వాత పంపే దారి మొదటి ఫోటోకే కాదు, ప్రతి అడుగుకూ ఉందా?
2. సమాధానం రాకపోతే డీఫాల్ట్ విలువ ఏమిటి? అది ఎవరి పక్షాన ఉంది?
3. యంత్రం కాదంటే ఔననగలిగే మనిషి ఉన్నాడా? ఎంత దూరంలో ఉన్నాడు?
4. ఎంట్రీ పడిందో లేదో ఆ మనిషికే, ఆ రోజే, చదువు రాకపోయినా తెలిసే ఏర్పాటు ఉందా? ఒక చీటీ కావచ్చు, తెలుగులో ఒక వాయిస్ కాల్ కావచ్చు.
5. సిస్టమ్ ఫెయిలైతే ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది?

ఐదో ప్రశ్నకు జవాబు కోడ్‌లో దొరకదు. అది చట్టంలో రాయించుకోవాలి. యూపీఐకి రాశారు కాబట్టి ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. సర్వర్ పడిపోయి హాజరు పోతే పూర్తి రోజు కూలి సర్కారే ఇవ్వాలి అని ఒక్క నిబంధన ఉంటే, గుట్ట వెనక టవర్ ఎంత త్వరగా లేస్తుందో చూడొచ్చు.

ఈ నెల మన క్లబ్ మీటింగ్‌లో దీని మీద మాట్లాడుకుందాం. ఎవరి ఊళ్లో అయినా కరువు పని జరుగుతుంటే, ఒక్క పొద్దు అక్కడికి పోయి ఫోటో ఎన్ని గంటలకు ఎక్కిందో, ఎక్కకపోతే ఏం చేశారో రాసుకుని రండి. పని చేసేవాళ్ల పేర్లు, ముఖాలు వద్దు, టైములు చాలు. ఆ టైములన్నీ ఒక షీట్‌లో పెడితే మనమే ఒక చిన్న సామాజిక తనిఖీ చేసినట్టు.